కుర్చీ చూపని దయ
(కాగ్నా నుంచి మూసీ దాకా – 9)

తాండూరు నుంచి వికారాబాద్ వచ్చే దారిలో, రుక్మాపూర్ దాటాక ధారూర్ స్టేషన్. నవంబర్‌లో ఒక వారంపాటు ఆ చిన్న స్టేషన్ కిక్కిరిసిపోతుంది. చాపలు, బొంతలు, గిన్నెలు, బియ్యం మూటలతో కుటుంబాలకు కుటుంబాలు దిగుతాయి. బీదర్ వైపు నుంచి కన్నడం మాట్లాడేవాళ్లు, జహీరాబాద్ వాళ్లు, మహారాష్ట్ర సరిహద్దు పల్లెలవాళ్లు. 1923లో మెథడిస్ట్ మిషన్ మొదలుపెట్టిన క్రైస్తవ జాతర ఇది. అమెరికా మెథడిస్టులకు ఊరి బయట గుడారాలు వేసుకుని రోజుల తరబడి ప్రార్థనలు చేసుకునే ఆనవాయితీ ఉండేది. మన పల్లెలకు జాతర ఎలాగూ తెలుసు. రెండూ ధారూర్‌లో కలిసిపోయాయి. తొలిరోజుల్లో వచ్చినవాళ్లు ఎడ్లబండ్లమీద వచ్చారు, లేదంటే నడిచి వచ్చారు.

అలా వచ్చినవాళ్లలో అత్యధికులు మాల, మాదిగ వాడలవాళ్లు. నిజాం రాజ్యంలో, అందులోనూ జాగీర్లు, పాయెగాల ఇలాకాల్లో, వాళ్ల రోజు వాళ్లది కాదు. అధికారి ఊళ్లోకొస్తే మూటలు మోయాలి. దొర ఇంటికి చెప్పులు, మోటకు తోలు ఉత్తపుణ్యానికి ఇవ్వాలి. చచ్చిన పశువును ఈడ్చాలి, చావు కబురు పొరుగూరికి మోయాలి, పిలిచినప్పుడు డప్పు కొట్టాలి. వెట్టి వద్దంటూ హైదరాబాద్ నుంచి కాగితాలు రాకపోలేదు. పటేలు, పట్వారీల దగ్గరికొచ్చేసరికి అవి కాగితాలుగానే మిగిలాయి. 1929లో వచ్చిన గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వుతో ముందస్తు అనుమతి లేకుండా సభ పెట్టడం కూడా నేరమైంది. అలాంటి కాలంలో ఒక వారంపాటు పని మానేసి, పిల్లాపాపలతో వచ్చి, ఎవరికీ దండం పెట్టకుండా చెట్టుకింద వండుకు తినడం చిన్న సంగతి కాదు. అది రాజకీయం కాదు, నిజమే. కానీ దొర పిలిచిన రోజున మనిషి ఊళ్లో లేడు.

ఈ మనుషులమీద బయటి ప్రపంచం కన్ను 1930 ప్రాంతంలో పడింది. పల్లెలకు పల్లెలు, వాడలకు వాడలు ఒక్కసారే మతం మారుతుంటే, ఇది భక్తా, ఆకలా అని భారతదేశంలోనూ బయటా పెద్ద వాదన నడుస్తోంది. సంగతి తేల్చమని జాతీయ క్రైస్తవ మండలి జె. వాస్కమ్ పికెట్ అనే అమెరికా మెథడిస్టుకు పని అప్పగించింది. ఆయన దేశమంతా చూసి పది ప్రాంతాలు ఎంచుకున్నాడు. గుంటూరు, కంభం, వికారాబాద్ అందులో ఉన్నాయి. పుస్తకం 1933లో వచ్చింది. దాదాపు నాలుగు వేలమందిని ‘ఎందుకు క్రైస్తవులయ్యారు’ అని అడిగి, జవాబులు పట్టికలకెక్కించారు. దేవుడి కోసం అన్నవాళ్లున్నారు, బంధువులు వెళ్లారు కాబట్టి వెళ్లాం అన్నవాళ్లున్నారు, పటేలు బాధ తప్పుతుందని అన్నవాళ్లూ ఉన్నారు. పికెట్ తేల్చిందేమిటంటే, ఏ కారణంతో వచ్చారన్నదానికంటే వచ్చాక వాళ్లకు ఎవరు ఎంత నేర్పారన్నదే ముఖ్యం. పట్టికలకంటే నాకు ముఖ్యమనిపించేది మరొకటి. ఎందుకు చేశావని వాళ్లను ఒకరు అడిగారు, చెప్పిన జవాబును రాసుకున్నారు.

ఆ రోజుల్లో జాతీయ క్రైస్తవ మండలి అధ్యక్ష పీఠంమీద ఉన్నది మన ఈ భాగం కథానాయకుడు. ఆయన వికారాబాద్ వాడు కాదు, మెథడిస్టు కాదు, ఆ మాటకొస్తే తెలుగువాడే కాదు. ఇదే నిజాం రైల్వే లైను మరో కొసన ఉన్న డోర్నకల్‌కు బిషప్ ఆయన. పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లా వెల్లాలన్‌విళైలో పుట్టాడు. నాడార్ కులం. ఆ కులాన్ని ఆ రోజుల్లో గుడిలోకి రానిచ్చేవారు కాదు. పక్కనే ఉన్న తిరువాన్కూరులో ఆ కులం ఆడవాళ్లు రొమ్ముమీద బట్ట కప్పుకునే హక్కు కోసం దెబ్బలు తిని, దశాబ్దాలు కొట్లాడి, 1859లో గెలిచారు. తండ్రి థామస్ వేదనాయగం క్రైస్తవుడై, తర్వాత ఊరి పాదిరి అయ్యాడు. కొడుకు మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివాడు గానీ డిగ్రీ చేతికి రాలేదు. 1895లో వైఎంసీఏలో చేరి దక్షిణాదంతా తిరిగాడు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను కట్నం పుచ్చుకోకుండా పెళ్లి చేసుకున్నాడు. ఆమె సంగతి విడిగా రాయాల్సినంత ఉంది.

తిరిగేకొద్దీ ఆయనకు ఒక సంగతి కొరుకుడు పడలేదు. క్రైస్తవం తూర్పున పుట్టింది, తన ఊళ్లో రెండు తరాలుగా ఉంది, అయినా పెత్తనమంతా ఎవరో సముద్రం దాటి వచ్చినవాళ్లది. 1903 ఫిబ్రవరిలో పాళయంకోట్టైలో కొందరు మిత్రులతో కలిసి ఒక మిషన్ స్థాపించాడు. మనుషులు తమిళులు, డబ్బు తమిళులది, నిర్ణయం తమిళులది. ఎక్కడికి వెళ్లాలని వెతికి, ఎవరూ పనిచేయని చోటుగా నిజాం రాజ్యంలోని డోర్నకల్‌ను ఎంచుకున్నారు. మొదట మరొకరిని పంపారు. ‘వెళ్లండి’ అని ఊరూరా చెబుతూ తాను వెళ్లకపోవడమేమిటన్న బాధతో 1909లో అజరయ్య ఉద్యోగం వదిలి, పాదిరిగా అభిషేకం పొంది, కుటుంబంతో డోర్నకల్ చేరాడు. ముప్పయ్యయిదేళ్ల వయసులో తెలుగు అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాడు.

మరుసటి ఏడు, 1910 జూన్. స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ. పన్నెండు వందలమంది ప్రతినిధుల్లో ఆసియా సంఘాల నుంచి వచ్చినవాళ్లు ఇరవై మందికి మించరు. విదేశీ, స్వదేశీ సేవకుల మధ్య సహకారం గురించి మాట్లాడమని అజరయ్యను వేదికెక్కించారు. మీరు మాకోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, అది కాదనం అన్నాడు. కానీ పాతికేళ్లు కలిసి పనిచేసిన భారతీయ పాదిరి ఇంటి గడప మీరెప్పుడైనా తొక్కారా? ఆయన మీ బంగళాకొస్తే కుర్చీ చూపించారా, మీ బల్లదగ్గర కూర్చోబెట్టి తినమన్నారా? మాకు కావలసింది పోషకులు కాదు, స్నేహితులు. ఆయన ప్రసంగం సారాంశం ఇదీ. సభలో చాలామందికి మింగుడు పడలేదు. తెల్లవాడి దయనే తెల్లవాడి ముందు, అతని గడ్డమీద నిలబడి ఒక భారతీయుడు ప్రశ్నించాడు.

ఈ వ్యాసం కోసం అజరయ్యను ఎంచుకోవడానికి ఆ ప్రసంగమే కారణం. కొరడా పట్టుకున్న నిరంకుశుణ్ణి గుర్తుపట్టడం తేలిక. ‘నీ మంచి నీకంటే నాకు బాగా తెలుసు’ అనేవాడు కూడా నిరంకుశుడే, కాకపోతే అతని చేతిలో రొట్టె ఉంటుంది. ఆ రెండోవాడితోనే అజరయ్య జీవితమంతా తగువు పెట్టుకున్నాడు.

1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. మద్రాస్ బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టి సాధించాడు గానీ, అడ్డుపడ్డవాళ్లు తక్కువేమీ కాదు. నల్లవాడి కింద తెల్ల పాదిరీలు పనిచేస్తారా అని కొందరు, ఆ కులంవాడి కింద మేమా అని కొందరు భారతీయ క్రైస్తవులు. ఇక్కడ నిజాం రాజ్యం ఎవరూ ఊహించని విధంగా పనికొచ్చింది. డోర్నకల్ బ్రిటిష్ ఇండియాలో లేదు. అక్కడ బిషప్ అయితే ఇంగ్లిష్ ప్రజలమీద భారతీయుడికి అధికారమిచ్చినట్టు కాదని చట్టం తెలిసినవాళ్లు సర్దిచెప్పుకున్నారు. అలా మూలన కూర్చోబెట్టామనుకున్న బిషప్ చేతికి, 1920 నాటి మార్పులతో, కృష్ణా తీరపు తెలుగు సంఘాలు కూడా వచ్చాయి. వాటితోపాటు అక్కడి తెల్ల పాదిరీలూ వచ్చారు. ఆయన చనిపోయేనాటికి డోర్నకల్ అధ్యక్ష మండలంలో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు.

వాళ్లలో చాలావరకు మళ్లీ మాల, మాదిగ వాడలవాళ్లే. ఎడ్లబండిలో ఊరూరా తిరుగుతూ అజరయ్య వాళ్లకు చెప్పిన వేదాంతం పల్లె పనిలా ఉండేది. మురికి, రోగం, అప్పు, తాగుడు — ఈ నాలుగూ దయ్యాలు, వెళ్లగొట్టండి అనేవాడు. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్లను తమ తలమీద తామే చెయ్యి పెట్టుకోమని, తమకు దొరికింది పదిమందికీ చెప్పకపోతే తమకు క్షేమం లేదని ఒట్టు పెట్టించేవాడు. నిన్నటిదాకా ఊరి సావిట్లో నోరు విప్పే హక్కు లేనివాడికి, నీ నోటితో చెప్పడం నీ విధి అని చెబుతున్నాడు. మాల, మాదిగ తేడా చర్చిలోకి తెస్తే ఊరుకునేవాడు కాదు. ప్రభు భోజనానికి గిన్నె ఒకటే. పాదిరి జీతం విలాయతు నుంచి రాకూడదు, సంఘమే ఇవ్వాలి. డబ్బు లేని ఇల్లాలు పొయ్యిమీద ఎసరు పెట్టేటప్పుడు ఒక గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేది, ఆదివారం ఆ కుండ గుడికి వెళ్లేది. బీదవాళ్ల దగ్గర బియ్యం తీసుకోవడమా అని ముక్కున వేలేసుకున్నవాళ్లున్నారు. ఇచ్చే చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుందని అజరయ్యకు తెలుసు. పాదిరికి జీతమిచ్చే మాదిగ ఆ పాదిరిని ప్రశ్నించగలడు కూడా.

ఫలితం విచిత్రంగా వచ్చింది. 1930ల నాటికి ఆ చుట్టుపక్కల శూద్ర కులాలవాళ్లు కూడా వేల సంఖ్యలో చర్చివైపు రావడం మొదలైంది. ఎందుకని అడిగితే, మా ఊరి మాలల్ని, మాదిగల్ని చూశాం, వాళ్లు మారారు అనేవారు.

సరిగ్గా ఇక్కడే గాంధీతో పేచీ వచ్చింది. 1936 చివర్లో అమెరికా మిషన్ నాయకుడు జాన్ మాట్‌తో మాట్లాడుతూ, అంటరానివాళ్లలో కొందరికి మతాల మంచిచెడ్డలు తూచే తెలివి ఆవుకున్నంత కూడా ఉండదని, అలాంటివాళ్లకు సువార్త చెప్పడమేమిటని గాంధీ అన్నాడు. మహాత్ముడి ఉద్దేశం చెడ్డదని నేననను. మిషన్ డబ్బు ప్రలోభంమీద ఆయన వేసిన ప్రశ్నల్లో చాలావాటికి మిషన్ల దగ్గర జవాబు లేదు. కానీ బంగళా వరండాలో కుర్చీ చూపని తెల్లదొర, ఆవు పోలిక తెచ్చిన మహాత్ముడు — ఈ ఒక్క విషయంలో ఇద్దరూ ఒకే అరుగుమీద కూర్చున్నారు. పాపం వాళ్లకేం తెలుసు, మనం చూసుకుందాం అన్నది ఇద్దరి ధోరణి. వాళ్లకు తెలుసు అన్నది అజరయ్య పట్టు.

తెల్లవాళ్లు చేతికిస్తామన్న రాయితీని కూడా ఆయన అదే కారణంతో కాదన్నాడు. 1932 ఆగస్టులో వచ్చిన కమ్యూనల్ అవార్డు భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలిచ్చింది. సీట్లు ఖాయం, నాయకులకు పదవులు ఖాయం. అజరయ్య బహిరంగంగానే వ్యతిరేకించాడు. సంఘమంటే లెక్క పెట్టుకుని వాటా అడిగే గుంపు కాదు, గోడ కట్టుకుని బతికితే పొరుగువాడితో మాట్లాడే నైతిక హక్కు పోతుంది అన్నది ఆయన వాదన. సొంత సమాజంలోని చదువుకున్నవాళ్లు చాలామంది ఆయనమీద గుర్రుమన్నారు.

అదే కాలంలో రొట్టెతో పనిలేని, కొరడా మాత్రమే తెలిసిన నిరంకుశత్వం జర్మనీలో గద్దెనెక్కింది. దాన్ని ఎదిరించిన యువ వేదాంతి డీట్రిక్ బాన్‌హోఫర్ పేరు మన చర్చి ప్రసంగాల్లో తరచూ వినిపిస్తుంది. 1906లో పుట్టాడు. 1933లో హిట్లర్ వచ్చిన కొన్ని వారాలకే, ప్రభుత్వ చక్రం కింద పడ్డవాడికి కట్టు కట్టడంతో సరిపోదు, అవసరమైతే చక్రాన్నే ఆపాలి అన్న అర్థంలో రాశాడు. 1934 మే నెలలో బార్మెన్‌లో, సంఘానికి క్రీస్తు తప్ప మరో ఫ్యూరర్ లేడని చెప్పిన పక్షంవైపు నిలిచాడు. ఆ పోరాటానికి బలం ఎక్కడ దొరుకుతుందని వెతుకుతూ ఆయన చూసింది మనవైపే. గాంధీ ఆశ్రమంలో ఉండి నేర్చుకోవాలని 1934 అక్టోబర్‌లో ఉత్తరం రాశాడు. నవంబర్ 1న గాంధీ జవాబిచ్చాడు. తిరుగు ప్రయాణపు డబ్బు ఉండి, ఇక్కడి ఖర్చుకు నెలకు మనిషికి వంద రూపాయలు పెట్టుకోగలిగితే ఎప్పుడైనా రండి, చలికాలంలో వస్తే మరీ మంచిది అని. ఎంత గాంధీ ఉత్తరమో చూడండి! బాన్‌హోఫర్ రాలేకపోయాడు. జర్మనీలో రహస్య వేదపాఠశాల నడిపాడు, కుట్రలో చేరాడు, 1943 ఏప్రిల్‌లో అరెస్టయ్యాడు, 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బర్గ్‌లో ఉరికంబమెక్కాడు.

ఆ పక్కన నిలబెడితే అజరయ్య మెత్తగా కనిపిస్తాడు. కనిపించాలి కూడా. ఆయన శాసనోల్లంఘనలో దిగలేదు. బ్రిటిష్ ప్రభుత్వంతో సఖ్యంగానే ఉన్నాడు. నిజాం పాలనమీద బహిరంగ పోరాటానికి దిగలేదు. 1938 డిసెంబర్ చూడండి. హైదరాబాద్‌లో స్టేట్ కాంగ్రెస్‌ను పుట్టకముందే నిషేధించారు, సత్యాగ్రహులు జైళ్లలో ఉన్నారు, వందేమాతరం పాడారని ఉస్మానియా విద్యార్థుల్ని బయటికి పంపారు. అదే నెలలో మద్రాస్ పక్క తాంబరంలో ప్రపంచ క్రైస్తవ ప్రతినిధులు, అజరయ్య సహా, సర్వాధికార రాజ్యాల కింద సంఘం ఎలా బతకాలో చర్చిస్తున్నారు. అక్కడ వాదనకు మూలమైన పుస్తకం రాసిన డచ్ పండితుడు హెండ్రిక్ క్రేమర్ తర్వాత నాజీల నిర్బంధంలో గడిపాడు. సభ ముగిసిన వారానికి, 1939 జనవరి 6న, మసీదు గుమ్మటాలను, గుడి స్తంభాలను కలిపి కట్టిన డోర్నకల్ కెథడ్రల్‌ను అజరయ్య ప్రతిష్ఠించాడు. తన రాజ్యంలోని జైళ్ల గురించి ఆయన గొంతెత్తి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది. బడులకు, గుళ్లకు, స్థలాలకు నిజాం అధికారుల అనుమతులు కావలసిన మనిషి అని సమాధానం చెప్పుకోవచ్చు. అది కారణం అవుతుంది గానీ జవాబు కాదు.

ఇంకో ఫిర్యాదు డప్పుది. గ్రామదేవత కొలుపులో డప్పు కొట్టడం మానండి అని మిషన్లన్నీ చెప్పాయి, అజరయ్య సంఘమూ చెప్పింది. కొలుపు డప్పు వెట్టిలో భాగం కాబట్టి మానడంలో ఒక తిరుగుబాటు ఉంది. కానీ తరతరాల వాద్యం చేతిలోంచి జారిపోయిందని తర్వాతి తరాల మాదిగ కళాకారులు బాధపడ్డారు. ఆయనే మరోపక్క కోలాటాన్ని, భజనను, కథాగానాన్ని గుడిలోకి ఆహ్వానించాడు. ఏది ఉంచాలో ఏది వదలాలో వాడవాళ్లనే తేల్చుకోనిచ్చి ఉంటే ఎడిన్‌బరోలో అన్న మాటకు నిలబడ్డవాడయ్యేవాడు.

ఇక వికారాబాద్ దగ్గరికి వద్దాం. 1935 అక్టోబర్‌లో యేవలాలో అంబేడ్కర్, హిందువుగా పుట్టాను గానీ హిందువుగా చావను అని ప్రకటించాక దేశంలోని మతపెద్దలంతా ఆయనవైపు చూశారు. అప్పట్లో అజరయ్యతో అంబేడ్కర్ ఒక ప్రశ్న వేశాడని చర్చి వర్గాల్లో చెప్పుకుంటారు. మేం మీలోకి వస్తే దేశమంతా ఒకే సంఘంలో ఉంటామా, లేక మీ ముక్కల్లో తలా ఒక ముక్కకు పోతామా? అజరయ్య సిగ్గుతో తలవంచుకున్నాడట. కథ ఎంతవరకు నిజమైనా ప్రశ్నలో వాస్తవం ఉంది. నిజాం రాజ్యాన్ని మిషన్లు ఎప్పుడో పంచుకున్నాయి. మెదక్ ఇంగ్లండ్ వెస్లియన్లకు, నల్లగొండ, పాలమూరు బాప్టిస్టులకు, డోర్నకల్ ఆంగ్లికన్లకు, వికారాబాద్, తాండూరు, బీదర్ అమెరికా మెథడిస్టులకు. మెదక్ వైపు అల్లుణ్ణి తెచ్చుకున్న వికారాబాద్ మాదిగకు బాప్తిస్మం ఒకటే, దేవుడొకడే, రిజిస్టరు మాత్రం వేరు. ఆ సరిహద్దులు గీసినవాళ్లెవరూ ఆ ఊళ్లవాళ్లు కాదు.

1919 మేలో తరంగంబాడిలో కొద్దిమంది పాదిరీలతో కలిసి అజరయ్య సంతకం పెట్టిన ప్రకటన అడిగింది ఇదే. ఈ చీలికలు మనవి కావు, పశ్చిమంలో పుట్టి మనమీద పడ్డవి, దక్షిణాదిలో ఒకే సంఘం కావాలి అని. తర్వాత పాతికేళ్లకు పైగా చర్చలు సాగాయి. బిషప్పుల పరంపర మీద, అభిషేకాల చెల్లుబాటు మీద ఇంగ్లండ్‌లో పండితులు తలలు బద్దలు కొట్టుకుంటుంటే, ఇక్కడ మా పల్లెల్లో ఇది ప్రాణాల సమస్య అని అజరయ్య చెబుతూనే వచ్చాడు. 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశాడు. 1947 సెప్టెంబర్ 27న మద్రాస్ సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, మనం సీఎస్ఐ అనేది, పుట్టింది. ఆంగ్లికన్లు, మెదక్ వెస్లియన్లు అందులో కలిశారు.

అమెరికా మెథడిస్టులు కలవలేదు. వాళ్ల వ్యవస్థ ఢిల్లీ, లక్నో, బొంబాయిలతో, అటుపైన అమెరికాతో ముడిపడి ఉంది. దక్షిణాది కొమ్మను తెంచి మరో చెట్టుకు అంటుకట్టడానికి ఆ పెద్దలు ఒప్పుకోలేదు. వికారాబాద్, తాండూరు, ధారూర్ సంఘాలు మెథడిస్టులుగానే ఉండిపోయాయి. అమెరికాతో పాలనా సంబంధం వదులుకుని మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా సొంత కాళ్లమీద నిలబడింది 1981 జనవరిలో. ఎడిన్‌బరోలో అజరయ్య కుర్చీ అడిగి అప్పటికి డెబ్బయ్యేళ్లయింది.

(వచ్చే భాగం: 1948 సెప్టెంబర్)